భాగం – 11 : విదేశీ విహారనౌకా యాత్రలో మొబైల్ ఫోన్ వినియోగం

విషయక్రమం

11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 ఒడ్డు టవరు పరిధి ఎంతవరకు?
11.3 ఓడలోని టవరు, ఆకాశంలోని ఉపగ్రహం
11.4 ఖర్చు ఎందుకు పెరుగుతుంది?
11.5 ఓడలో వైఫై
11.6 రేవులో దిగినప్పుడు
11.7 బ్యాంకు పనులు, ఓటీపీ
11.8 అత్యవసర సమాచారం
11.9 ఒక యాత్రకు ప్రణాళిక
11.10 సారాంశం
11.11 ముఖ్య పదాలు
11.12 నమూనా పరీక్ష ప్రశ్నలు
11.13 మీ ప్రగతిని పరిశీలించుకోండి – సమాధానాలు

11.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:

• సముద్రంలో మొబైల్ సిగ్నల్ ఎందుకు పోతుందో, మళ్ళీ ఎలా వస్తుందో వివరించగలుగుతారు;
• ఒడ్డు మీది రోమింగ్‌కు, ఓడలోని రోమింగ్‌కు గల తేడాను గుర్తించగలుగుతారు;
• అనవసరమైన బిల్లు రాకుండా ఫోన్‌ను అమర్చుకోగలుగుతారు;
• ఇంటివారితో సంబంధం తెగిపోకుండా ఒక యాత్రకు సమాచార ప్రణాళిక తయారుచేయగలుగుతారు.

11.1 పరిచయం

నల్లమల అడవి మధ్య ఉన్న సున్నిపెంట శ్రీశైలం ప్రాజెక్టు ఉద్యోగుల కాలనీగా పెరిగిన ఊరు. 2022 ఏప్రిల్ నుంచి అది నంద్యాల జిల్లాలో ఉంది. ఈ ప్రాంతంవారికి సిగ్నల్ పోవడం కొత్త సంగతి కాదు. దోర్నాల దాటి అడవి దారిలో బస్సు ఎక్కితే చాలాచోట్ల ఫోన్ మూగబోతుంది. నాగార్జునసాగర్ నుంచి కృష్ణ మీదుగా లాంచీలో వచ్చేవారికీ ఇదే అనుభవం. రెండువైపులా కొండలు, అడవి. లాంచీ శ్రీశైలం ఆనకట్ట దిగువన లింగాలగట్టు దగ్గరికి వచ్చేసరికి ఫోన్లు మళ్ళీ మోగడం మొదలవుతుంది.

ఈ ప్రయాణంలో మనకు జరిగే నష్టం కొన్ని గంటల మౌనం మాత్రమే. సిగ్నల్ తిరిగి వచ్చినప్పుడు అది కృష్ణకు ఇవతలి ఒడ్డు టవరుదా, అవతల ఈగలపెంట వైపు టవరుదా అని ఎవరూ చూసుకోరు. చూసుకోవలసిన అవసరమూ లేదు. 2014లో రాష్ట్రం విడిపోయినా టెలికాం లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకే సర్కిల్‌గా ఉన్నాయి. ఏ ఒడ్డు టవరు దొరికినా మాట ఒకటే, ధర ఒకటే.

విదేశీ సముద్రయానంలో పరిస్థితి వేరు. అక్కడ సిగ్నల్ పోవడం వల్ల వచ్చే ఇబ్బంది కన్నా, సిగ్నల్ ఉన్నట్టు కనిపించడం వల్ల వచ్చే ఇబ్బంది ఎక్కువ. నడిసముద్రంలో ఫోన్ మీద గీతలు నిండుగా కనిపిస్తే ప్రయాణికుడు సంతోషించి ఇంటికి ఫోన్ చేస్తాడు. ఆ గీతలు ఎవరి టవరువో అతనికి తెలియదు. బిల్లు వచ్చాక తెలుస్తుంది.

క్రూయిజ్ అనే విహారనౌకా యాత్ర ఇప్పుడు తెలుగువారికి దూరపు మాట కాదు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ నౌక విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు విహారయాత్రలు నడిపింది. 2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకకు విహారనౌక బయలుదేరింది. అదే ఏడాది సెప్టెంబరులో విశాఖ ఓడరేవులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. సింగపూర్‌లో, అమెరికాలో స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రులను పిలిపించుకొని ఓడ ఎక్కించడం కూడా పెరిగింది. పర్యాటక రంగంలో పనిచేయదలచిన విద్యార్థి ఇలాంటి ప్రయాణికులకు సలహా చెప్పగలగాలి.

ఈ భాగమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: "ఈ క్షణంలో నా ఫోన్ ఎవరి టవరుతో మాట్లాడుతోంది?" దీనికి జవాబు తెలిస్తే మిగతా జాగ్రత్తలు వాటంతట అవే తెలుస్తాయి.

11.2 ఒడ్డు టవరు పరిధి ఎంతవరకు?

మొబైల్ ఫోన్ ఒక చిన్న రేడియో. అది దగ్గరలోని టవరుకు తరంగాలు పంపుతుంది, టవరు నుంచి తరంగాలు అందుకుంటుంది. ఈ తరంగాలు దాదాపు సరళరేఖలో ప్రయాణిస్తాయి. నల్లమలలో కొండ అడ్డం వస్తే సిగ్నల్ పోయేది అందుకే. సముద్రం మీద కొండలు ఉండవు కానీ మరో అడ్డం ఉంది. అది భూమి వంపు.

ఎత్తయిన చోటు నుంచి చూపు ఎంతదూరం పోతుందో లెక్కకట్టడానికి ఒక సులభ సూత్రం ఉంది. ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. 40 మీటర్ల టవరుకు ఇది సుమారు 22.6 కిలోమీటర్లు. ఓడలో 25 మీటర్ల ఎత్తున ఉన్న డెక్‌పై నిలబడిన ప్రయాణికుడికి సుమారు 17.9 కిలోమీటర్లు. రెండూ కలిపితే 40 కిలోమీటర్లు. అంతకు మించితే టవరు దిగంతం కిందికి దిగిపోతుంది. ఆచరణలో ఫోన్ బలం తక్కువ కాబట్టి అంతకన్నా ముందే సిగ్నల్ బలహీనపడుతుంది. 2జీ వ్యవస్థలోనైతే సాధారణ టవరు పరిధికి 35 కిలోమీటర్ల సాంకేతిక పరిమితి కూడా ఉంది.

ఓడ వేగాన్ని నాట్‌లలో చెబుతారు. ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. 20 నాట్ల వేగంతో పోయే ఓడ గంటకు 37 కిలోమీటర్లు దాటుతుంది. కాబట్టి ఓడ రేవు వదిలి వేగం అందుకున్న సుమారు గంటలో ఒడ్డు టవర్లు చేయి దాటిపోతాయి. ఇంటికి చెప్పవలసిన మాట ఏదైనా ఉంటే ఈ గంటలోపే చెప్పాలి.

ఇరుకైన జలసంధుల్లో మరో చిక్కు ఉంది. సింగపూర్‌కు ఎదురుగా ఇండోనేషియాకు చెందిన బాటమ్ దీవి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అక్కడ ఓడ కదులుతుండగా ఫోన్ సింగపూర్ టవరును వదిలి ఇండోనేషియా టవరును పట్టుకోవచ్చు. మీ రోమింగ్ ప్యాక్‌లో సింగపూర్ మాత్రమే ఉంటే, కాలు పెట్టని దేశానికి కూడా డబ్బు కట్టవలసి వస్తుంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1

1. 100 మీటర్ల ఎత్తున్న కొండ మీది టవరుకు దిగంతం ఎంత దూరంలో ఉంటుంది?
2. 20 నాట్ల వేగంతో పోయే ఓడ 12 నాటికల్ మైళ్లు దాటడానికి ఎంత సమయం పడుతుంది?

11.3 ఓడలోని టవరు, ఆకాశంలోని ఉపగ్రహం

ఒడ్డు కనుమరుగయ్యాక ఫోన్ మీద కాసేపు సిగ్నల్ ఉండదు. తరువాత ఉన్నట్టుండి గీతలు నిండుగా వస్తాయి. పేరు చూస్తే పరిచయం లేని నెట్‌వర్క్. ఇది ఓడలోనే అమర్చిన చిన్న టవరు. పెద్ద విహారనౌకల్లో గోడల వెంట, కారిడార్లలో ఇలాంటి చిన్న యాంటెన్నాలు ఉంటాయి. సెల్యులార్ ఎట్ సీ, టెలినార్ మారిటైమ్ వంటి పేర్లు తెర మీద కనిపిస్తాయి. ఏ దేశానికీ చెందని అంతర్జాతీయ నెట్‌వర్క్‌ల కోసం 901 అనే సంకేత సంఖ్యను కేటాయించారు. భారతీయ నెట్‌వర్క్‌ల సంఖ్యలు 404, 405.

ఈ టవరు మీ మాటను ఓడ పైకప్పు మీద ఉన్న డిష్‌కు చేరవేస్తుంది. అక్కడి నుంచి ఉపగ్రహానికి, ఉపగ్రహం నుంచి భూకేంద్రానికి, అక్కడి నుంచి మామూలు టెలిఫోన్ వ్యవస్థ ద్వారా సున్నిపెంటలోని ఫోన్‌కు మాట చేరుతుంది. మీ ఫోన్‌కు, ఓడ టవరుకు మధ్య దూరం కొన్ని మీటర్లే కాబట్టి గీతలు నిండుగా కనిపిస్తాయి. గీతలు చెప్పేది ఈ కొన్ని మీటర్ల సంగతే. ఉపగ్రహం దారి ఎంత రద్దీగా ఉందో, ఎంత ఖరీదైనదో అవి చెప్పవు.

భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖ మీదుగా 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకి వెళ్లి కిందికి రావాలంటే 71,572 కిలోమీటర్లు ప్రయాణించాలి. రేడియో తరంగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ఒకవైపుకే దాదాపు 0.24 సెకను పడుతుంది. మీరు "బాగున్నావా అమ్మా" అన్న తరువాత జవాబు రావడానికి కనీసం అర సెకను ఆలస్యం. అవతలివారు వినలేదేమో అనుకొని మళ్ళీ అంటారు, ఇద్దరి మాటలూ ఢీకొంటాయి. ఇలాంటి కాల్‌లో ఒకరు పూర్తిగా మాట్లాడాక రెండోవారు మొదలుపెట్టడం మంచిది.

స్టార్‌లింక్ వంటి కొత్త ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతాయి. అందువల్ల ఆలస్యం బాగా తగ్గుతుంది. 2022 ఆగస్టులో రాయల్ కరేబియన్ సంస్థ తన నౌకలన్నిటిలో స్టార్‌లింక్ ఏర్పాటు చేస్తామని ప్రకటించింది. ఆ తరువాత మరికొన్ని సంస్థలూ అదే దారి పట్టాయి. ఇటీవలి ప్రయాణికులు ఓడ వైఫైలో వీడియో కాల్ కూడా బాగానే వచ్చిందని చెప్పడానికి ఇదే కారణం.

ఓడ తీరానికి చేరువైనప్పుడు ఓడలోని మొబైల్ టవరును ఆపివేయడం సాధారణం. ఒక దేశపు ప్రాదేశిక జలాలు తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు ఉంటాయి. ఆ పరిధిలో ఏ నెట్‌వర్క్ పనిచేయాలో నిర్ణయించే అధికారం ఆ దేశానిది. మన దేశంలో విమానాల్లో, నౌకల్లో ఫోన్, ఇంటర్నెట్ సేవలకు 2018 డిసెంబరులో ప్రత్యేక నియమాలు వచ్చాయి.

11.4 ఖర్చు ఎందుకు పెరుగుతుంది?

మన దేశంలో 2003 మే 1 నుంచి "ఫోన్ చేసినవారే డబ్బు కట్టాలి" అనే పద్ధతి అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఫోన్ ఎత్తినవారికి కూడా ఖర్చయ్యేది. గత ఇరవై ఏళ్లలో "ఇన్‌కమింగ్ ఉచితం" అన్నది మనకు అలవాటైపోయింది. ఎత్తకుండా వదిలేసే మిస్డ్ కాల్ ఒక భాషే అయింది.

విదేశీ రోమింగ్‌లో ఈ అలవాటు పనికిరాదు. మీకు ఫోన్ చేసినవారు హైదరాబాద్‌కు చేసినట్టే చేస్తారు, వారికి మామూలు ఖర్చే. హైదరాబాద్ నుంచి మీ ఓడ దాకా ఆ కాల్‌ను మోసే ఖర్చు మీది. ఎత్తిన ప్రతి కాల్‌కూ మీరే కట్టాలి. సముద్రంలోనైతే ఈ ధర ఒడ్డు మీది రోమింగ్ ధర కన్నా సాధారణంగా ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇక్కడ మూడు విషయాలు విద్యార్థి స్పష్టంగా గుర్తుంచుకోవాలి.

(అ) దేశాల ప్యాక్ వేరు, ఓడ ప్యాక్ వేరు. "సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్ ప్యాక్ వేయించాను, ఇక భయం లేదు" అనుకోవడం ఎక్కువగా జరిగే పొరపాటు. ఆ ప్యాక్ ఆ దేశాల ఒడ్డు టవర్లకే వర్తిస్తుంది. ఓడ టవరు ఆ దేశాలకు చెందినది కాదు. ఓడలకు ప్రత్యేక ప్యాక్ ఉందా, మీరు ఎక్కే ఓడ నెట్‌వర్క్ ఆ జాబితాలో ఉందా అని మీ మొబైల్ కంపెనీని అడిగి, జవాబును సందేశ రూపంలో తీసుకోవాలి.

(ఆ) డేటా రోమింగ్ ఆపడం వేరు, ఫ్లైట్ మోడ్ వేరు. డేటా రోమింగ్ ఆపితే ఇంటర్నెట్ ఖర్చు మాత్రమే ఆగుతుంది. ఎవరైనా ఫోన్ చేసి మీరు ఎత్తితే ఖర్చు పడుతుంది. మీ నంబరుకు కాల్ ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే, ఎత్తకపోయినా పడవచ్చు. ఫ్లైట్ మోడ్ పెడితే ఫోన్ ఏ టవరుతోనూ మాట్లాడదు. ఆ తరువాత వైఫైని మాత్రం విడిగా ఆన్ చేసుకోవచ్చు.

(ఇ) ప్రీపెయిడ్ వేరు, పోస్ట్‌పెయిడ్ వేరు. ప్రీపెయిడ్‌లో తగిన ప్యాక్ గాని, నిల్వ గాని లేకపోతే సేవ ఆగిపోతుంది. పోస్ట్‌పెయిడ్‌లో రోమింగ్ తెరిచి ఉంటే వాడకం సాగుతూనే ఉండవచ్చు, బిల్లు తరువాత వస్తుంది.

ఫోన్ జేబులో ఉన్నా ఊరుకోదు. ఫోటోలను దాచుకునే యాప్‌లు, అప్‌డేట్లు, వాట్సాప్ గ్రూపుల్లోని వీడియోలు తమంతట తామే డేటా వాడతాయి. ఒక లెక్క చూద్దాం. ఒక ఎంబీకి 100 రూపాయలు అనుకుందాం (ఇది లెక్క కోసం తీసుకున్న ధర మాత్రమే). ఒక్కొక్కటి 4 ఎంబీ ఉన్న 20 ఫోటోలు వాటంతట అవే పైకి వెళితే 80 ఎంబీ. బిల్లు 8,000 రూపాయలు. ప్రయాణికుడు ఆ సమయంలో నిద్రపోతూ ఉండవచ్చు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2

3. డేటా రోమింగ్ ఆపి ఉంచిన ప్రయాణికుడికి కూడా బిల్లు ఎలా రావచ్చు?
4. ఓడలో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా మాట ఆలస్యంగా వినిపించడానికి కారణం ఏమిటి?

11.5 ఓడలో వైఫై

ఎక్కువమంది ప్రయాణికులకు ఓడ వైఫై సరైన మార్గం. ధర ముందే తెలుస్తుంది కాబట్టి బిల్లు చేయి దాటదు. అయితే కొనేముందు నాలుగు విషయాలు అడగాలి.

1. ధర రోజుకా, యాత్ర మొత్తానికా?
2. ఒక ప్యాకేజీని ఎన్ని ఫోన్లలో వాడవచ్చు? ఒకే ఫోన్‌కు అనుమతి ఉన్న ప్యాకేజీల్లో, ఒక ఫోన్‌లో లాగౌట్ అయ్యాక మరో ఫోన్‌లో వాడుకునే వీలు కొన్ని ఓడల్లో ఉంటుంది. భార్యాభర్తలు ఇలా పంచుకోవచ్చు.
3. సందేశాలకు మాత్రమేనా, కాల్స్‌కు కూడానా? చవక ప్యాకేజీల్లో వాట్సాప్ సందేశం వెళ్లినా కాల్ వెళ్లకపోవచ్చు.
4. ఓడ ఎక్కకముందే కొంటే తగ్గింపు ఉందా?

చాలా ఓడ సంస్థలకు సొంత యాప్ ఉంటుంది. దాన్ని ఇంటి దగ్గరే దించుకోవాలి. రోజువారీ కార్యక్రమాలు, భోజనం వేళలు అందులో తెలుస్తాయి. కొన్ని యాప్‌లలో ఇంటర్నెట్ ప్యాకేజీ లేకుండానే ఓడలోని మనవాళ్లకు సందేశం పంపవచ్చు. వేలమంది ఉండే ఓడలో కుటుంబసభ్యులు ఒకరినొకరు వెతుక్కోవడానికి ఇది ఉపయోగపడుతుంది.

వాట్సాప్ కాల్ అన్ని దేశాల్లో ఒకేలా పనిచేయదు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఇంటర్నెట్ కాల్స్ మీద చాలాకాలంగా ఆంక్షలు ఉన్నాయి. దుబాయి నుంచి ఓడ ఎక్కేవారు, ఇంటివారితో మాట్లాడే మరో మార్గం ముందే చూసుకోవాలి.

11.6 రేవులో దిగినప్పుడు

ఓడ రేవు చేరాక ఫోన్ మళ్ళీ ఒడ్డు టవర్లను పట్టుకోగలదు. అక్కడ మూడు మార్గాలున్నాయి.

మొదటిది మన సిమ్ మీద ఆ దేశపు రోమింగ్ ప్యాక్. నంబరు మారదు, ఓటీపీలు వస్తాయి. రెండోది స్థానిక సిమ్. ఎక్కువ రోజులు ఉండేవారికి ఇది చవక, కానీ కొనడానికి పాస్‌పోర్టు చూపించి సమయం వెచ్చించాలి. రేవులో కొన్ని గంటలే ఉండే ప్రయాణికుడికి అంత తీరిక ఉండదు. మూడోది ఇ-సిమ్. ఇది చిన్న ముక్క రూపంలో ఉండదు, ఫోన్‌లోకి దించుకునే సమాచారం. పలు దేశాలకు కలిపి ఇచ్చే డేటా ఇ-సిమ్‌ను ఇంటి దగ్గరే వేసుకోవచ్చు. మీ ఫోన్ ఇ-సిమ్‌కు పనికొస్తుందో లేదో ముందు చూసుకోవాలి. ఒడ్డు కోసం కొన్న ఇ-సిమ్ నడిసముద్రంలో పనిచేయదని మరువకూడదు.

రేవులో దిగినవారు తప్పక పాటించవలసిన జాగ్రత్త గడియారానికి సంబంధించినది. ఫోన్ తనంతట తానే స్థానిక టవరును బట్టి సమయం మార్చుకుంటుంది. ఓడ మాత్రం తన సమయాన్నే పాటించవచ్చు. సింగపూర్, మలేషియా సమయం భారతదేశం కన్నా రెండున్నర గంటలు ముందు. థాయ్‌లాండ్ సమయం గంటన్నర ముందు. సింగపూర్ సమయంతో నడిచే ఓడ ఫుకెట్ నుంచి సాయంత్రం 5 గంటలకు బయలుదేరుతుందనుకోండి. అప్పుడు ఫుకెట్ టవరును నమ్మిన ఫోన్‌లో 4 గంటలే అవుతుంది. ఇంకా గంట ఉందని బజారులో ఆగిన ప్రయాణికుడికి ఓడ దొరకదు. ఓడ దిగేముందు ఓడ సమయాన్ని అడిగి, ఒక చేతి గడియారంలో అదే ఉంచుకోవాలి.

11.7 బ్యాంకు పనులు, ఓటీపీ

బ్యాంకు ఓటీపీ మామూలు సందేశంగా భారతీయ సిమ్‌కు వస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో వైఫై ఉన్నా వాట్సాప్ పనిచేస్తుంది గానీ, మామూలు సందేశం రాకపోవచ్చు. వైఫై కాలింగ్ సదుపాయం ఉన్న ఫోన్లలో వచ్చే అవకాశం ఉంది. అది విదేశాల్లో పనిచేస్తుందో లేదో, దానికి ఖర్చు ఎంతో మొబైల్ కంపెనీని అడగాలి.

కాబట్టి డబ్బు చెల్లించవలసిన పనులు, అంటే కరెంటు బిల్లు, బీమా వాయిదా, చీటీ వంటివి ప్రయాణానికి ముందే ముగించాలి. తప్పనిసరి పని మిగిలితే ఓడలో కాకుండా రేవులో దిగినప్పుడు, రోమింగ్ ఉన్న భారతీయ సిమ్ మీద చేసుకోవాలి. రెండు సిమ్‌ల ఫోన్‌లో భారతీయ సిమ్‌ను సందేశాల కోసం, ఇ-సిమ్‌ను డేటా కోసం ఉంచడం అనుకూలమైన పద్ధతి. రేవు కాఫీ హోటళ్ల ఉచిత వైఫైలో బ్యాంకు యాప్ తెరవకూడదు. స్థానిక సిమ్ కోసం భారతీయ సిమ్‌ను తీసి పారేసుకోవడం కూడా జరుగుతుంటుంది. తీసిన సిమ్‌ను పాస్‌పోర్టు కవరులో భద్రపరచాలి.

11.8 అత్యవసర సమాచారం

1912లో టైటానిక్ మునిగినప్పుడు దాని రేడియో పిలుపు విని కార్పేథియా నౌక వచ్చి 700 మందికి పైగా ప్రాణాలు కాపాడింది. మరింత దగ్గరలో ఉన్న కాలిఫోర్నియన్ అనే నౌకలో ఒక్కడే రేడియో ఉద్యోగి ఉండేవాడు. అతను అప్పటికే నిద్రపోయాడు. సముద్రంలో యంత్రం ఉండటమే చాలదు, వినడానికి మనిషి కూడా మేలుకొని ఉండాలని ఆ రాత్రి నేర్పింది. తరువాత 1914లో సముద్రంలో ప్రాణరక్షణకు అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 1979లో నౌకల ఉపగ్రహ సంబంధాల కోసం ఇన్‌మార్‌శాట్ ఏర్పడింది. 1999 ఫిబ్రవరి 1 నుంచి ప్రపంచవ్యాప్త సముద్ర ఆపద, రక్షణ వ్యవస్థ పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఓడ భద్రత ప్రయాణికుల ఫోన్ల మీద ఆధారపడదు. మీ ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉన్నంత మాత్రాన మీకు ప్రమాదం ఏమీ లేదు. ఓడలో ఆరోగ్యం బాగాలేకపోయినా, ప్రమాదం జరిగినా గదిలోని ఫోన్ నుంచి ఓడ సిబ్బందిని పిలవాలి.

ఎక్కువగా ఆలోచించవలసింది ఇంటి నుంచి ఓడకు రావలసిన కబురు గురించి. దీనికి ఒక కాగితం చాలు. అందులో ఓడ పేరు, యాత్ర తేదీలు, రేవుల వరుస, బుకింగ్ సంఖ్య, గది సంఖ్య, ఓడ సంస్థ అత్యవసర ఫోన్ నంబరు, టికెట్లు ఇచ్చిన ఏజెంటు నంబరు రాయాలి. ఇంటివారు ఓడ సంస్థకు ఫోన్ చేసి బుకింగ్ సంఖ్య చెబితే, సిబ్బంది ఆ కబురును గదికి చేరుస్తారు. ఫోన్‌లో దాచిన నంబర్లు ఫోన్ పోతే పోతాయి. కాగితం ఒక ప్రతి గోడకు, ఒక ప్రతి ప్రయాణికుడి సంచిలో ఉండాలి. నంబర్లను +91 వంటి దేశ సంకేతంతో సహా రాయాలి.

విదేశాల నుంచి వచ్చే బంధువులకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ప్రభుత్వ అనుమతి లేకుండా మన దేశంలోకి శాటిలైట్ ఫోన్ తీసుకురావడం నేరం. అమెరికాలో మామూలుగా దొరికిందని సంచిలో వేసుకొని వస్తే విమానాశ్రయంలో చిక్కుల్లో పడతారు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 3

5. ఇంటి దగ్గర ఉంచవలసిన కాగితంలో బుకింగ్ సంఖ్య ఎందుకు అవసరం?
6. రేవులో దిగేటప్పుడు ఫోన్ గడియారాన్ని పూర్తిగా ఎందుకు నమ్మకూడదు?

11.9 ఒక యాత్రకు ప్రణాళిక

ఇప్పటివరకు నేర్చుకున్నది ఒక ఊహా ఉదాహరణకు వర్తింపజేద్దాం. సున్నిపెంటలో ఉండే విశ్రాంత ఉద్యోగి, ఆయన భార్య సింగపూర్‌లోని కొడుకు దగ్గరికి వెళ్లారు. కొడుకు వారిద్దరికీ సింగపూర్ – పెనాంగ్ – ఫుకెట్ – సింగపూర్ యాత్రకు టికెట్లు కొన్నాడు. ఇంటి దగ్గర ఆయన తల్లికి 82 ఏళ్లు, గుండెజబ్బు ఉంది. తమ్ముడి కుటుంబం చూసుకుంటోంది. బయలుదేరే రోజున ఆమె అడిగింది ఒక్కటే: "రోజుకొక్కసారి నీ గొంతు వినిపించు నాయనా." ఈ మాట నిలబెట్టడమే ప్రణాళిక లక్ష్యం.

ఇంటి దగ్గర: తమ్ముడికి కాగితం ఇవ్వాలి. ఓడలో ఫోన్ కలవకపోతే ముందు సింగపూర్‌లోని మనవడికి ఫోన్ చేయాలని, అతను ఓడ సంస్థతో మాట్లాడతాడని చెప్పాలి. అమ్మ మందుల చీటీ, డాక్టరు నంబరు ఆ కాగితం వెనకే రాయాలి. తమ్ముడికి ఫోన్ చేసే వేళ ఖాయం చేసుకోవాలి. భారత సమయం సాయంత్రం 6 గంటలు, అంటే సింగపూర్ సమయం రాత్రి 8.30. ఒక పూట ఫోన్ రాకపోతే కంగారుపడవద్దని, రెండు పూటలు రాకపోతే మనవడిని అడగాలని నియమం పెట్టుకోవాలి.

మొదటి రోజు, సింగపూర్: టెర్మినల్ నుంచే అమ్మతో మాట్లాడాలి. ఓడ కదలకముందు రెండు ఫోన్లలో ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై ఆన్ చేయాలి. ఓడ వైఫై కాల్స్‌కు పనికొచ్చే ప్యాకేజీ ఒకటి చాలు. ఫోటోలు, వీడియోలు తమంతట తామే దిగకుండా, ఎక్కకుండా ఆపాలి.

సముద్రంలో ఉన్న రోజులు: అనుకున్న వేళకు వాట్సాప్ కాల్. తెగిపోతే వాయిస్ సందేశం పంపాలి. ముసలామె కోరింది గొంతు వినడం. రికార్డు చేసిన మాటైనా మళ్ళీ మళ్ళీ వినిపించుకోగలదు. వీడియో కన్నా వాయిస్‌కు డేటా ఎంతో తక్కువ పడుతుంది.

పెనాంగ్, ఫుకెట్: ఓడ రేవులో ఆగాకే ఫ్లైట్ మోడ్ తీసి, తెర మీద ఒడ్డు నెట్‌వర్క్ పేరే కనిపిస్తోందో లేదో చూసుకోవాలి. భారతీయ సిమ్‌కు వచ్చిన సందేశాలు చూసుకోవాలి. ఓడకు తిరిగి ఎక్కగానే మళ్ళీ ఫ్లైట్ మోడ్.

ఈ ప్రణాళికలో ఖరీదైన పరికరం ఏదీ లేదు. ఒక వైఫై ప్యాకేజీ, ఒక కాగితం, ఒక ఒప్పుకున్న వేళ ఉన్నాయి. రాత్రివేళ అమ్మకు ఒంట్లో బాగాలేకపోతే ఆ కబురు వాట్సాప్ ద్వారా గాని, మనవడి ద్వారా గాని ఓడకు చేరే దారులు రెండున్నాయి. ఒకటి మూసుకుపోయినా రెండోది తెరిచే ఉంటుంది.

11.10 సారాంశం

ఒడ్డు టవర్ల సిగ్నల్ భూమి వంపు వల్ల, ఫోన్ బలం తక్కువ కావడం వల్ల కొన్ని పదుల కిలోమీటర్లలో ముగుస్తుంది. ఆ తరువాత ఫోన్‌లో కనిపించే సిగ్నల్ ఓడలోని టవరుది. అది ఉపగ్రహం ద్వారా పనిచేస్తుంది. దేశాల రోమింగ్ ప్యాక్‌లు దానికి వర్తించవు. అందువల్ల ఓడ కదలకముందే ఫ్లైట్ మోడ్ పెట్టి ఓడ వైఫై వాడటం, రేవుల్లో రోమింగ్ ప్యాక్ గాని ఇ-సిమ్ గాని వాడటం మంచిది. ఓటీపీ అవసరమైన పనులు ముందే ముగించాలి. ఓడ సమయాన్ని పాటించాలి. అత్యవసర వివరాల కాగితం ఇంటి దగ్గర ఉంచాలి. ఎక్కడ ఉన్నా "నా ఫోన్ ఇప్పుడు ఎవరి టవరుతో మాట్లాడుతోంది?" అని చూసుకోవడం ప్రయాణికుడికి అలవాటు కావాలి.

11.11 ముఖ్య పదాలు

రోమింగ్ : మన మొబైల్ కంపెనీ టవరు లేనిచోట మరో కంపెనీ టవరు ద్వారా సేవ పొందడం.
భూస్థిర ఉపగ్రహం : భూమితోపాటు అదే వేగంతో తిరుగుతూ, ఆకాశంలో ఒకేచోట ఉన్నట్టు కనిపించే ఉపగ్రహం.
నాటికల్ మైలు : సముద్ర దూరాలకు వాడే కొలత, 1.852 కిలోమీటర్లు.
ప్రాదేశిక జలాలు : తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు దేశ సార్వభౌమాధికారం ఉండే సముద్రభాగం.
ఇ-సిమ్ : ఫోన్‌లోనే ఉండే చిప్‌లోకి దించుకునే సిమ్ సమాచారం.
ఫ్లైట్ మోడ్ : ఫోన్ ఏ మొబైల్ టవరుతోనూ సంబంధం పెట్టుకోకుండా చేసే అమరిక.

11.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఒడ్డు మీది రోమింగ్‌కు, ఓడలోని రోమింగ్‌కు గల తేడాలను కారణాలతో వివరించండి.
2. మీ ఊరి నుంచి విదేశీ విహారనౌకా యాత్రకు వెళ్లే వృద్ధ దంపతులకు సమాచార ప్రణాళిక తయారుచేయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఓడ వైఫై కొనేముందు అడగవలసిన విషయాలేవి?
2. విదేశాల్లో "ఇన్‌కమింగ్ ఉచితం" అనే అలవాటు ఎందుకు పనికిరాదు?
3. సముద్ర భద్రతా సమాచార వ్యవస్థ పరిణామాన్ని సంగ్రహంగా రాయండి.

11.13 మీ ప్రగతిని పరిశీలించుకోండి – సమాధానాలు

1. 100 వర్గమూలం 10. దాన్ని 3.57తో గుణిస్తే 35.7 కిలోమీటర్లు.
2. 12 ÷ 20 = 0.6 గంట, అంటే 36 నిమిషాలు.
3. వచ్చిన కాల్ ఎత్తినందుకు, లేదా కాల్ ఫార్వర్డింగ్ పెట్టి ఉన్నందుకు బిల్లు రావచ్చు.
4. గీతలు ఫోన్‌కు, ఓడ టవరుకు మధ్య బలాన్నే చూపుతాయి. మాట భూస్థిర ఉపగ్రహం దాకా వెళ్లి రావాలి కాబట్టి ఆలస్యమవుతుంది.
5. ఓడ సంస్థ ఆ సంఖ్యతో ప్రయాణికుడిని, అతని గదిని గుర్తించి కబురు చేర్చగలుగుతుంది.
6. ఫోన్ స్థానిక టవరు సమయానికి మారవచ్చు. ఓడ తన సొంత సమయాన్ని పాటించవచ్చు. ఆ తేడా వల్ల ఓడ తప్పిపోయే ప్రమాదం ఉంది.